మిల్లు చొక్కాల నూగు

నల్లపాడులో మా పక్కింటి బాపయ్య బాబాయ్ జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. పత్తిలోంచి గింజ తీసే మిల్లు అది. సీజన్లో సాయంత్రం సైకిలు దిగేసరికి ఆయన కనుబొమల మీద కూడా దూది నూగు ఉండేది. రాజ్యం పిన్ని ఆయన్ని నేరుగా లోపలికి రానిచ్చేది కాదు. అరుగు దగ్గర నిలబెట్టి, తుండుగుడ్డతో తలా భుజాలూ దులిపేది. ఆ కాసేపట్లోనే వాళ్ళ కబుర్లన్నీ అయ్యేవి. మిల్లులో ఎవరు ఎవరితో పోట్లాడారో, సత్తెనపల్లి నుంచి వచ్చిన పత్తి ఎంత తడిగా ఉందో గోడ ఇవతల ఉన్న మాకూ తెలిసేది.

రెండువేల రెండులో పిన్నికి మోకాళ్ళ నొప్పులు ముదిరాయని బాబాయ్ వాషింగ్ మిషన్ కొన్నాడు. దాని గొట్టం బాత్రూమ్ తూములో పెట్టారు. ఆ నీళ్ళు సెప్టిక్ ట్యాంకులోకి పోయేవి. ఇక దులపడం దేనికని ఆయన వస్తూనే చొక్కా విప్పి మిషన్లో పడేసి, టీవీ ముందు కూర్చునేవాడు. గోడ ఇవతలికి కబుర్లు రావడం మానేశాయి.

ఆ మరుసటేడు వానల్లో బాత్రూమ్‌లో నీళ్ళు వెనక్కి తన్నాయి. ట్యాంకులు శుభ్రం చేసే రసూల్ బండి తెచ్చి ట్యాంకు ఖాళీ చేశాడు. అయినా రెండు రోజులకే మళ్ళీ నిండింది. ట్యాంకు నీళ్ళు భూమిలోకి దిగే ఇంకుడు గుంట తెరిచి చూస్తే, రాళ్ళ సందుల్లో బూడిదరంగు పీచు తడిసిన కంబళిలా పట్టుకుని ఉంది.

"బట్టల నూగమ్మా ఇది. మిషన్ నీళ్ళతో వచ్చి ఇక్కడ పేరుకుపోయింది. నీళ్ళెలా ఇంకుతాయి?" అన్నాడు రసూల్.

గుంటలో రాళ్ళన్నీ తీసి కొత్తవి వేయించారు. మర్నాడు సాయంత్రం పిన్ని చూసేసరికి, బాబాయ్ కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని తన చొక్కా తనే ఉతుక్కుంటున్నాడు.

"ఇదేం పనండీ?"

"నా చొక్కాల వల్లేగా ఇంత చేటు. నీ బట్టల్లో కలపొద్దులే."

పిన్ని ఆ చొక్కా లాక్కుంది. "ఇన్నాళ్ళూ మనకి అన్నం పెట్టింది ఆ దూదేగా. దాన్ని చూసి సిగ్గుపడతారా? రేపట్నుంచి అరుగు మీద ఆగండి, దులుపుతాను."

పాత నైలాన్ చీర చింపి సంచి కుట్టి, గొట్టం చివర కట్టింది. ఉతికినప్పుడల్లా అందులో చేరిన నూగు తీసి చెత్తలో వేసేది. తూము మళ్ళీ పొంగలేదు. సాయంత్రాలు గోడ ఇవతలికి కబుర్లు వినిపించసాగాయి.

కొన్నేళ్ళకి మిల్లు మూతపడింది. అప్పట్నుంచి సంచి విప్పి కడిగే పని బాబాయ్ తీసుకున్నాడు. తెల్ల నూగు పోయి చీరల రంగులు మిగిలాయి. ఒకరోజు చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి, గోడ మీదుగా నాకు చూపించాడు.

"ఇది పత్తి కాదమ్మాయ్, పాలిస్టరు. చేతికే తెలిసిపోతుంది" అని, మిల్లు కబురేదో చెప్పబోయాడు.

"కాఫీ చల్లారిపోతోంది, రండి" అంది పిన్ని లోపల్నుంచి.