రాసాత్తి బకెట్టు నిండిన నెల

అమృతవల్లక్క నైటీ కుట్టిందంటే బట్ట చిరగాలే గానీ కుట్టు విడిపోయేది కాదు. ముత్తియాల్‌పేటలో ఆ సంగతి తెలియని ఆడది లేదు. రామానుజం నాయుడుగారి కుట్టు షెడ్డులో ఆమె పక్క మిషన్ నాది. నేను కాస్త నెమ్మదించానా, "ఏందే మహా, మిషన్ తొక్కతా ఉండావా, జోల పాడతా ఉండావా?" అని దెప్పేది. ఆ షెడ్డు ఇప్పుడు లేదు, సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది. అటుగా పోతే నాకింకా ఆ మిషన్ల చప్పుడే వినిపిస్తుంది. ఎంత బాగుండేవో ఆ రోజులు!

నాయుడుగారి కాలంలో దినకూలి. కుట్టినవన్నీ నడుమ ఉన్న పెద్ద తాటాకు గంపలోకి విసిరేవాళ్లం. ఏది ఎవరిదో ఎవరికీ అక్కర్లేదు. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే మిగతావాళ్లు కాస్త వేగం పెంచేవాళ్లు. సాయంత్రానికి గంప నిండేది.

తర్వాత ఆయన కొడుకు జయప్రకాశ్ చదువు ముగించుకుని వచ్చాడు. మంచి పిల్లాడే, కాదనను. కానీ కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా! వచ్చీరాగానే గంప తీయించి, తలా ఒక ప్లాస్టిక్ బకెట్టు ఇచ్చాడు.

"పనికి తగిన కూలి ఉంటేనే మనిషికి ఊపు వస్తాదక్కా. యూనివర్సిటీల్లో రీసెర్చ్ చేసి కనిపెట్టినారు," అన్నాడు.

ఇకమీదట ఎన్ని కుడితే అన్నిటికే కూలి. నెలాఖరుకి అందరికన్నా ఎక్కువ కుట్టినవాళ్లకు మిక్సీ. అందరికన్నా తక్కువ కుట్టినవాళ్లు పని మానుకోవాలి. ఆ చోట అంచులు కుట్టే కొత్త ఓవర్‌లాక్ మిషన్ వేస్తాడట.

మా అందరి చూపూ మూల మిషన్ దగ్గరున్న రాసాత్తి మీదికి పోయింది. ఆ ఏడు చికున్‌గున్యా ఊరినంతా మంచాన పడేసింది. మాకు తగ్గింది గానీ, దాని వేళ్ల కణుపుల్లో తిష్ఠ వేసుకుంది. పాపం, కత్తెర పట్టుకుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. మొగుడు లేడు, ఇంట్లో చిన్నపిల్లలు. ఈ పని పోతే ఇక అంతే సంగతులు.

నేనేం చేశానంటే, టీకి లేచినప్పుడు నేను కుట్టిన నైటీ ఒకటి దాని బకెట్టులో పడేశాను. మర్నాడు ఇంకొకటి. ఎవరికీ చెప్పలేదు. ఈ పని చేస్తున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను.

నెల తిరిగింది. జయప్రకాశ్ మొహం వెలిగిపోతోంది. "చూసినారా! కుట్టు ఎంత పెరిగిందో!" అన్నాడు. నిజమే, పెరిగింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? తర్వాత చేతిలో కాగితం చూసి చదివాడు.

"ఫస్ట్... రాసాత్తి!"

నేను ఎదుటి మిషన్ మరగతం వైపు చూస్తే మరగతం తల దించుకుంది. దాని పక్కనామె పైన రేకులు చూస్తోంది. ఓరి దేవుడా, అందరం అదే పని చేశామన్నమాట! రాసాత్తి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"లాస్ట్..." అని జయప్రకాశ్ ఆగిపోయాడు. "అమృతవల్లక్కా, ఏందిది? నీకేమైంది?"

రాసాత్తి నోరు తెరవబోయింది. అక్క దాని భుజం గట్టిగా నొక్కి లేచి నిలబడింది. నిజం బయటపడితే పోయేది రాసాత్తే.

"చూపు ఆనడం లేదు తంబీ. చేతుల్లో మునుపటి సత్తువ యాడుంది? వయసైపోయె," అంది అక్క. తన కత్తెర బట్టలో చుట్టుకుని బయటికి నడిచింది.

ఆ సాయంత్రం రాసాత్తీ నేనూ మిక్సీ మోసుకుని అక్క ఇంటికి పోయాం. "ఇది నీదక్కా," అంటూ రాసాత్తి గడపలోనే కూలబడి ఏడ్చింది.

"పిచ్చిమొగమా! ఆ వేళ్లతో రోట్లో రుబ్బతావా? తీసకపో," అని కసిరింది అక్క. తర్వాత నావైపు తిరిగింది. "అందరి బకెట్లూ ఒకే ఎత్తున ఉంటే వాడు ఎవుర్ని పొమ్మంటాడులే అనుకుంటి. అందుకే నావి దీని బకెట్టులో ఏస్తా వచ్చినా. మీరందురూ ఏస్తా ఉండారని నాకేం తెలుసే?"

నాకు నవ్వాగలేదు. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పని పోతే పోయె. ఇంటి ముందర తిన్నె మీద మిషన్ ఏసుకుంటా. నా దిగులు దానికి కాదే. ఆ పిల్లోడు ఉయ్యాల్లో ఉన్నప్పట్నించి నా కుట్టు చూస్తా ఉండాడు. చూపు ఆనలేదంటే... నమ్మేసినాడే!"