రాతిలో వేపరెమ్మ

మా పెద్దమ్మ సిద్ధమ్మ ఎవరికీ లొంగే రకం కాదు. గుడుపల్లె దగ్గర మా ఊళ్లో కృష్ణప్ప చేలల్లో కూలి చేసి చేసి నడుం అరిగిన మనిషి. పందొమ్మిది వందల డెబ్బై ఆరులో సర్కారు ఆమెకు గుట్ట పక్కన ఎకరా మెట్టకు పట్టా ఇచ్చింది. అంతా రాళ్లే. అయినా "నా నేల" అని పొంగిపోయి, రాళ్లు కొట్టే మునెప్పతో బావి తవ్వించడం మొదలెట్టింది.

నిలువెత్తు లోతులో మునెప్ప ఓ బండ చీల్చాడు. రెండు చెక్కల మీదా నల్లగా, అచ్చం వేపరెమ్మ! ఊరు ఊరంతా వచ్చేసింది. కృష్ణప్ప చెంపలేసుకున్నాడు.

"గంగమ్మ వెలిసినాది. ఈడ గుడి కట్టాల. బావి పూడ్చేయ్ సిద్ధీ, నీకు ఇంకో తావు సూద్దాం."

ఇంకో తావంటే మళ్లీ ఆయన చేలో కూలే కదా! నాకు ఒళ్లు మండింది.

పెద్దమ్మ ఓ రాతిపెచ్చు కొంగున కట్టుకుని, నన్ను తోడు తీసుకుని కుప్పం బస్సెక్కింది. హైస్కూలు సైన్సు అయ్యవారు ఆదినారాయణ భూతద్దం పెట్టి చూశారు.

"ఆకు రాయిగా మారితే ఈనెలుంటాయమ్మా. ఇది ఆకు కాదు. రాతి పగుల్లోకి నీళ్లు దిగి, అందులోని మాంగనీసు ఇట్లా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటాది. ఆ గుట్టలో యాడ చీల్చినా కనపడొచ్చు."

"ఆ గుట్ట రాయి యాడుండినా?" అంది పెద్దమ్మ.

కృష్ణప్ప పశువుల కొట్టం గోడ బండలన్నీ ఆ గుట్టవే. ఆ గోడకు ఏళ్ల తరబడి పిడకలు కొట్టింది పెద్దమ్మే. మర్నాడు ఊరిని వెంటేసుకుని అక్కడికే పోయింది. పిడకలు పెరికి, నీళ్లు కొట్టి కడిగితే నల్లటి రెమ్మలు బయటపడ్డాయి. పసుపు కుంకుమ పూసి టెంకాయ కొట్టింది.

"ఈడా వెలిసినాది తల్లి. ఆవుల్ని తోలేయ్ కృష్ణప్పా, గుడి కట్టాల!"

పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని సామీ అనకుండా పిలవడం అదే మొదలు.

కృష్ణప్ప మొహం మాడిపోయింది. "ఏందే నీ పొగరు? అది ఉత్త మరక!" అంటూ తన కండువాతోనే కుంకుమ తుడిచేశాడు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"అట్లయితే నా బావిలోదీ మరకే. గంగమ్మంటే నీకన్నా నాకే భక్తి ఎక్కువప్పా. ఆయమ్మ పేరు సెప్పి నా నేల అడగొద్దు."

బావిలో నీళ్లు పడ్డాయి. ఆ బండను గట్టు మీదికి లాగించి, బతికున్నన్నాళ్లూ దాని మీదే బట్టలుతికింది. కృష్ణప్ప అటుగా పోతుంటే ఇంకాస్త గట్టిగా బాదేది.