ఉద్దానంలో మా కారు పాట మూగబోయిన రోజు

ఉద్దానం వైపు కారులో వెళ్లాలనుకునేవాళ్లు నన్ను దారి అడుగుతుంటారు. చెబుతాను గానీ, దాంతోపాటు మా కారు పాట ఆగిపోయిన సంగతీ వినాల్సిందే. రెండువేల నాలుగు ప్రాంతం. నా భార్య సుజాత అక్క, అంటే మా కరుణ వదిన, పలాస అవతల సముద్రం దగ్గరి ఊళ్లో ఉంటుంది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే తన ఊరి ఆడవాళ్లను కూడగట్టి, బాప్టిస్టు చర్చి పంట పండుగకు పాటకు తగ్గట్టు చేతులు, అడుగులు కదిపే ఒక యాక్షన్ సాంగ్ నేర్పింది. అంతకుముందు ఏడాది ఉత్త గొంతులతో పాడితే జనం నవ్వారట. అందుకే ఈసారి పాటను విశాఖలో కీబోర్డు, తబలాతో రికార్డు చేయించమని నాకు పురమాయించింది. తీరా పండుగ ముందు మైకుసెట్టు అతనికి ఇచ్ఛాపురంలో పెళ్లి బేరం తగిలింది. ఇక మా కారు స్టీరియోయే దిక్కు. నాకు ఇంజను కన్నా స్టీరియో మీదే మక్కువ, డిక్కీలో యాంప్లిఫయర్ కూడా పెట్టించాను. అడగ్గానే ఎగిరి గంతేశాను.

ఆదివారం తెల్లవారుజామున విశాఖలో బయల్దేరాం. అప్పట్లో హైవే పనులు జరుగుతుండేవి, టెక్కలి చేరడానికి నాలుగు గంటలు పట్టింది. బస్టాండు దగ్గర ఇడ్లీ, టీ కలిపి ఇద్దరికీ ముప్ఫై రూపాయల్లో అయిపోయింది. హోటలాయన మా పాట విని, ఎవరు పాడారని అడిగి మరీ ఇంకో చట్నీ వేశాడు. అక్కడి నుంచి పలాస అరగంట. కాశీబుగ్గ దాటి కుడివైపు తిరిగితే ఇక జీడితోటలు, కొబ్బరితోటలు, మధ్యలో ఎర్రటి ఇసుక. ఆ గాలి తగిలితే ఎంతటి అలసటైనా తీరిపోతుంది.

దారిలోనే మా అత్తగారి ఊరు. చేపల పులుసుతో భోజనం పెట్టి, మేం కునుకు తీస్తుండగా ఆవిడ డిక్కీ నింపేశారు. పీచు తీయని కొబ్బరికాయలు, రెండు గుమ్మడికాయలు, ఒక పనసకాయ. ఇన్నెందుకండీ అంటే, "ఖాళీ బండి పంపితే ఊరేటనుకుంటాది అల్లుడుగోరూ" అన్నారు. ఉద్దానంలో ఆ మాటకు తిరుగులేదు. నోరు మూసుకుని బండి ఎక్కాను. మొదటి గతుకు దాటేసరికి కారు కూడా నోరు మూసుకుంది.

లైటు వెలుగుతోంది, క్యాసెట్ తిరుగుతోంది, చప్పుడు మాత్రం లేదు. చర్చి ముందు ఆగి వైద్యం మొదలుపెట్టాను. వాల్యూము, బ్యాలెన్సు తిప్పి చూశాను. ఫ్యూజు తీసి చూస్తే బాగానే ఉంది. టేపు హెడ్డు తుడిచి, క్యాసెట్ మార్చి, చివరికి స్టీరియోనే డాష్‌బోర్డులోంచి బయటికి లాగాను. ఆదివారం కాబట్టి పలాసలో మెకానిక్ కూడా దొరకడు. చర్చి గోడ వెంట ఆ ఆడవాళ్లు ఒకే రంగు చీరల్లో నిలబడి నన్నే చూస్తున్నారు. వదిన నా పక్కన వంగి మెల్లగా అంది: "మరిదిగోరూ, ఇయ్యాల పాట రాకపోతే ఈళ్లు మల్లీ నిలబడరు. నానెంత బతిమాలినా నిలబడరు."

ఇంతలో సంఘపెద్ద సామ్యేలు తాత వచ్చాడు. పంట పండుగకు ఎవరి పంటలో తొలి భాగం వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. మా డిక్కీ చూసి అదంతా మేం తెచ్చిన కానుకే అనుకున్నాడాయన. "పట్నం నుంచొచ్చీ ఇన్ని తెచ్చినారు, దేవుడు మిమ్మల్ని సల్లగా సూత్తాడు" అంటూ మనుషుల్ని పిలిచి దింపించేశాడు. అది అత్తగారి సామానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సుజాత నవ్వాపుకోలేక అటు తిరిగింది. చివరి కాయ తీశాక అడుగున యాంప్లిఫయర్ కనిపించింది, స్పీకర్లకు చప్పుడు వెళ్లేది దాని గుండానే. కొబ్బరికాయలు దొర్లి దాని ఎర్తు వైరును ఊడబీకాయి. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నేనేమో ముందుభాగమంతా విప్పి కూర్చున్నాను. స్క్రూ బిగించాను. తబలా దరువుతో చర్చి ముంగిలి అదిరింది.

తలుపులన్నీ బార్లా తెరిచాం. మొదటి చరణంలో వాళ్ల అడుగులు తడబడ్డాయి, రెండో చరణానికి కుదిరాయి. పల్లవి మళ్లీ వచ్చినప్పుడు అందరూ ఒక్కసారి చేతులు పైకెత్తారు. ఫ్యాక్టరీలో గింజలు కొట్టి కొట్టి జీడిసొనకు నల్లబడి, అక్కడక్కడ చర్మం లేచిపోయిన వేళ్లు. చర్చికి వస్తే ఆ చేతుల్ని కొంగు కింద దాచుకుని కూర్చుంటారని వదిన తర్వాత చెప్పింది. ఆ సాయంత్రం ఒక్కరూ దించలేదు. జనంలో ఎవరూ నవ్వలేదు. నాకు కళ్లు చెమర్చాయి, అది చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు.

ఉద్దానం వెళ్లేవాళ్లకు ఒకే సలహా. అక్కడ మీ డిక్కీ నిండక మానదు, కాబట్టి యాంప్లిఫయర్ ముందు ఒక చెక్కపలక అడ్డం పెట్టించుకోండి. పాట ఆగితే ముందుగా డిక్కీలోని వైర్లు చూసి, తర్వాత స్టీరియో మీద చెయ్యి వెయ్యండి. నింపిన అత్తగారికీ, ఖాళీ చేసిన తాతకూ నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను. మరుసటి ఏడు పంటకోతలు ఇంకా మొదలైనా కాకముందే వదిన ఫోన్ చేసింది. ఆమె ఇంకా ఎవరినీ అడగనే లేదట. వాళ్లే ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఇంటికొచ్చి, ఈసారి పాట ఏమిటని గుమ్మంలో కూర్చున్నారట.