తువ్వాలు కింద బేరం

మామయ్య తువ్వాలు కిందికి ఆ రోజు ఎవరి చేయీ రాలేదు. ముప్పు వచ్చిందని నాకు తెలిసింది అప్పుడే.

మా పండ్ల మార్కెట్లో బేరం నోటితో జరగదు. మామయ్యలా రైతు సరుకు అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారి చేతి మీద తువ్వాలు కప్పుకుంటాడు. కొనేవాళ్లు ఒక్కొక్కరే దాని కింద చేయి పెట్టి, వేళ్లు నొక్కి ధర చెబుతారు. పక్కనే నిలబడ్డ రైతుకు ఏమీ తెలియదు. నల్లగొండ నుంచి బత్తాయి తెచ్చి మా నాన్న కూడా ఏళ్ల తరబడి మామయ్య పక్కన అలాగే నిలబడ్డాడు.

ఆ రోజు కొనేవాళ్లు మా కాయ నొక్కి చూసి పక్క దుకాణానికి వెళ్లిపోయారు. కారణం నేనే. మా దగ్గర గుమాస్తాగా చేసి, ఇప్పుడు సొంత దుకాణం పెట్టుకున్న ఒకామె వ్యాపారుల సంఘం కార్యదర్శి పదవికి నిలబడుతోంది. తువ్వాలు తీసేసి అందరికీ వినబడేలా వేలం పాడాలంటుంది. మా ఆయనకు ఉద్యోగం ఉంది కనుక మామయ్య దుకాణం లైసెన్సు కోడలినైన నా పేరు మీద పెట్టించాడు. ఆమెను బలపరుస్తానని మాటిచ్చాను. మర్నాడే నామినేషన్, దాని మీద నా సంతకం కావాలి.

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటికి ఎల్బీనగర్ నుంచి ఒక పెద్ద కొనుగోలుదారు వచ్చాడు. మామయ్యకు పాత స్నేహితుడు. చెప్పులు కూడా విప్పలేదు.

“నిన్నటిదాంక మీ దుకాణంల డబ్బాలు లెక్కవెట్టినామె, రేపు మాకు పెద్దమనిషా అన్నా?”

మామయ్య ఆయనకు కుర్చీ జరిపాడు.

“తువ్వాల తీసేస్తదట! ఇగ మేం బస్టాండ్ల పల్లీలమ్మెటోళ్ల లెక్క ఒర్లాల్నా?”

“ఒర్లితే ఏమైతది బాబాయ్? రైతుకు ఇనవడ్తది,” అన్నాను.

“నీతోని కాదు, మీ మామతోని మాట్లాడుతున్న.”

“లైసెన్స్ నాది. నాతోనే మాట్లాడాలె.”

ఆయన నవ్వి, అక్కడే ఆడుకుంటున్న మా చిన్నకూతురి తల నిమిరాడు. “స్కూల్ బస్సు కొత్తపేట కాడ ఎక్కుతవు కదా బిడ్డా? జర పైలం.”

ఆయన వెళ్లగానే చిన్నదానికి తలస్నానం చేయించాను. ఆయన చేయి తగిలిన చోట రెండుసార్లు రుద్దాను.

“ఎనుకకు తగ్గు బిడ్డా,” అన్నాడు మామయ్య. “ఒక్కడు రాడు. కాయంత కుళ్లుతది.”

“మా నాన్న కాయ ఎంతకు పోయిందో మీరెప్పుడన్న ఆయనకు చెప్పిన్రా?”

ఆయన లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

పొద్దున పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను: “ఇయ్యాల స్కూల్‌కు పోవద్దు. నాన్న సెలవు పెట్టిండు, ఇంట్లనే ఉంటడు. నేను పోయి ఆంటీ పక్కన నిలవడి సంతకం పెట్టొస్త. నిన్నటి తాత మళ్ల ఒస్తే తలుపు తీయొద్దు. చాక్లెట్లు తెచ్చినా సరే. నమస్తే కూడా పెట్టొద్దు.”