రాననే మాట

జనగామలో నర్సుగా చేరిన కొత్తలో నా పని మందులివ్వడం ఒక్కటే అనుకున్నాను. ఆడవాళ్ళ మానసిక వార్డులో ఇద్దరు ఆయమ్మలు ఉండేవారు. వాళ్ళ పని చూసుకోవడం కూడా నాదేనని చేరాక చెప్పారు. సూది ఎలా వేయాలో కాలేజీలో నేర్పారు గానీ, మా అమ్మ వయసు మనిషికి పని ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు. పెద్ద ఆయమ్మ రఘునాథపల్లి నుంచి ఆటోలో వచ్చేది. నన్ను 'బిడ్డా' అని పిలిచేది. ఆ పిలుపు వింటే రేగొండలో మా ఇల్లు గుర్తొచ్చేది. దారిలో మా ఊరి మీదుగా పోయే భూపాలపల్లి బస్సు కనిపిస్తే, ఉన్న బట్టలతోనే ఎక్కేసి పోదామా అనిపించేది. నిజం చెప్పాలంటే మా వార్డులో ఇంటి మీద బెంగ అందరికంటే నాకే ఎక్కువ.

మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకామె అప్పుడు మా దగ్గర ఉండేది. మందులతో బాగా కుదుటపడింది. ఇక ఇంటికి పంపొచ్చని డాక్టరు కూడా అన్నారు. తీసుకుపోవాల్సిన అన్న మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా పత్తి పనులని ఒకసారి, ఇంట్లో చూసేవాళ్ళు లేరని ఒకసారి చెప్పి తప్పించుకునేవాడు. ఆమె అన్నం ముందు మొహం తిప్పుకుంటే పెద్ద ఆయమ్మ పక్కన కూర్చుని ముద్దలు కలిపేది. రాఖీ పండుగకు మీ అన్న వచ్చి తోలుకపోతడు, తిను అనేది. ఆమె తినేది. మా వైపు రాఖీ అంటే ఆడబిడ్డ అన్నదమ్ముల ఇంటికి పోయి తీరాల్సిందే. ఆ రోజు బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండదు. అందుకే ఆమె ఆ మాటను గట్టిగా పట్టుకుంది. ఆయమ్మ చేత ఎర్ర రాఖీ ఒకటి తెప్పించుకుంది కూడా.

నాకు భయం పట్టుకుంది. పండుగ వస్తుంది, అన్న రాడు, అప్పుడెలా? ఆయమ్మను రోగుల ముందు ఏమీ అనకుండా, బట్టలు ఆరేసే వసారాలోకి పిలిచి, ఆ మాట ఇక చెప్పొద్దన్నాను.

"ఆశ లేకుంటె బుక్క ఎట్ల దిగుతది?" అంది.

"ఆశ పెట్టు అవ్వా. పలానా రోజని చెప్పకు. ఎప్పుడొస్తడో మనకే తెల్వదు గద."

"అయితె రాడన్న ముచ్చట మీరే చెప్పుండ్రి మేడం."

మేడం! నాకు ఒళ్ళు మండింది. నేను చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు, ఇప్పటికైనా అదే చెబుతాను. కానీ రోజూ నా గిన్నెలో పచ్చిపులుసు పోసే మనిషి ఆ మధ్యాహ్నం గిన్నె పట్టుకుని అటు తిరిగి కూర్చుంది. నా అన్నం నాకే సహించలేదు.

పండుగ నాడు పొద్దున్నే ఆమె తలస్నానం చేసి, బట్టల మూట కట్టుకుని గేటు దగ్గరి బెంచీ మీద కూర్చుంది. నేను ఆమె అన్నకు మళ్ళీ ఫోన్ చేశాను. వీలు కాదన్నాడు. ఇక పని చెప్పడం కాదు, చేయాల్సింది నేనే అని అర్థమైంది. ఆయమ్మను కూడా రమ్మని వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

"అక్కా, మీ అన్న ఇయ్యాల వస్తలేడు. ఎప్పుడొస్తడో కూడ చెప్పలే. చెప్పంగనే నీకు చెప్త."

ఆమె చాలా సేపు ఏడ్చింది. ఆయమ్మ నోటిదాకా ఏదో మాట వచ్చింది. నా వైపు చూసి, దాన్ని మింగేసి, ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. మధ్యాహ్నం అన్నం వస్తే ఆమె తన చేత్తోనే నాలుగు ముద్దలు తిన్నది. నాకు ప్రాణం లేచొచ్చింది.

చేయి కడుక్కున్నాక నాకు అన్నలు లేరా అని అడిగింది. ఒక అన్న ఉన్నాడని, రేగొండలో ఉంటాడని, సెలవు దొరికితే వస్తానన్నానని, దొరకలేదని చెప్పాను.

"మరి రానని చెప్పినవా?"

చెప్పలేదు. చెబితే నిజంగానే పోలేనేమో అనిపించింది. డ్యూటీ మారుతుందేమో, నా బదులు ఎవరైనా వస్తారేమో అని ఆ పొద్దుటి దాకా చూస్తూనే ఉన్నాను.

"చెప్పు. నాకు చెప్పినట్టె చెప్పు," అంది.

వసారాలోకి పోయి ఫోన్ చేశాను. అన్న వెంటనే ఎత్తాడు. వెనక బస్సు హారన్లు, జనం మాటలు వినిపిస్తున్నాయి.

"ఏ బస్సుల ఉన్నవే చెల్లె? పొద్దుగాల సంది స్టాండుల్నే నిలబడ్డ. వచ్చిన ప్రతి బస్సు చూస్తున్న."

"ఇంటికి పో అన్నా. నేను వస్తలేను," అన్నాను. నాకూ ఇంటికి రావాలనుందని మాత్రం చెప్పలేకపోయాను.