హంతకుడు గారు

టీవీ స్టేషన్‌లో ఆమెను అందరూ ‘గొంతు’ అనే పిలుస్తారు. పాత సినిమాల్లో మాటలు ఆగినచోట, తెరమీద ఎవరు లేచారో, ఏ తలుపు తెరుచుకుందో చూపులేని ప్రేక్షకులకు రెండు ముక్కల్లో చెప్పడం ఆమె పని. దీన్ని సేవ అనేవాళ్లంటే ఆమెకు ఒళ్లుమంట. ఉద్యోగం, చేతనైతే చెయ్యాలి, లేకపోతే మానాలి.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఒకప్పుడు హాళ్లు దద్దరిల్లిన పోలీసు సినిమా వేశారు. వరుస హత్యలు, చేసిందెవరో చివరిదాకా తెలియదు. చిన్నప్పుడే చూపు పోయిన ఆమె బావ, పక్కవాళ్లు చెవిలో గుట్టు విప్పేస్తారని ఇన్నేళ్లూ ఆ సినిమా జోలికే పోలేదు. హంతకుణ్ణి తనే పట్టుకోవాలని పంతం.

“ఈసారి ఎవరూ గొణగరు బావా. నేను చూపిస్తా, నువ్వు పట్టుకో” అని ఆమె మాటిచ్చింది.

బావ, అక్క, పక్కింటి మాస్టారు, ఆమె టీవీ ముందు చేరారు. సినిమా ఇంకా ఊపందుకోనే లేదు. చీకటి వరండా, తొడుగు వేసుకున్న చెయ్యి, ముఖం లేదు. టీవీలోంచి ఆమె గొంతు మెల్లగా అంది: “తలుపు తీశారు. లోపలికి వచ్చారు.”

బావ పకపకా నవ్వాడు. “పెద్ద పోలీసాఫీసరే!”

“అబ్బబ్బ! దేవుడు మనోనేత్రం ఇచ్చాడండీ మీకు” అన్నారు మాస్టారు.

“దేవుడెక్కడ మాస్టారూ, మా మరదలిచ్చింది. ఇందాకట్నుంచీ వాచ్‌మన్ వచ్చాడు, దొంగ పారిపోయాడు, కానిస్టేబులు కునుకు తీశాడు. ఆఫీసరు మాత్రం కారు దిగారు, కూర్చున్నారు, సిగరెట్ వెలిగించారు. ఇప్పుడీ తలుపు తీసిన మనిషీ ‘వచ్చారు’ట! ఖూనీకి వచ్చినా మర్యాద తగ్గించలేదు పిల్ల.”

“గారు కూడా తగిలించలేకపోయావుటే?” అంది అక్క.

ఆమెకు నవ్వు రాలేదు. పొరపాటే అయితే ఒక పూట సిగ్గుపడి ఊరుకునేది. వాళ్ల నాన్న అలాంటి ఆఫీసరు దగ్గరే కారు డ్రైవరు. ఇంట్లో పడుకున్నా “అయ్యగారు లేచారు, అయ్యగారు తిన్నారు” అనేవాడు. ఆ బంగళాలో మాత్రం నాన్నని “వాడొచ్చాడా?” అనే అడిగేవారు. టీవీ స్టేషన్‌లో అటెండర్లను ‘మీరు’ అనాలని పైవాళ్లతో గొడవపడ్డ మనిషి ఈమె. సినిమాకి తన మాటలు రాసుకుంటున్నప్పుడు ఆ ‘రు’ కంటికి ఆనలేదు.

“ఇక కట్టెయ్, హంతకుడు దొరికాడుగా” అన్నాడు బావ మామూలుగానే. ఆ మామూలుతనమే ఆమెకు గుచ్చుకుంది. ఎవరు చేశారో తెలియకుండా ఆ సినిమా చూడటం ఇక అతనికి లేదు.

మర్నాడు స్టూడియోలో, మళ్లీ వెయ్యబోయే ప్రసారం కోసం ఆ ముక్క దిద్దింది: “చేతితొడుగు తలుపు తీసింది.”

“అంతేనా మేడమ్?” అన్నాడు సౌండతను.

“ఇంకోటుంది. ఆఫీసరు కారు దిగేది.” మైకు దగ్గరకు జరిగింది. “ఆఫీసరు కారు దిగా...రు.”

“మళ్లీ అనండి.”

ఇంకోసారి కూడా నాలుక అటే తిరిగింది. సౌండతను కిసుక్కున నవ్వాడు. “ఆయన హంతకుడండీ, పర్లేదు.”

“దిగాడు” అంది చివరికి. అనేసి, ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూసింది. ఆ చూపుకి, నిన్నటికంటే ఎక్కువగా, ముఖం వేడెక్కింది.