అన్నగారి ఈస్టు జాడీ

వాక్కునిచ్చిన తల్లికి అంజలి ఘటించి, ఈ శ్రావణ బహుళ సప్తమి నాడు, మారేడ్‌పల్లిలోని మా ఇంట కూర్చుండి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నిన్న మనుమరాలు తాను పనిచేసే ప్రయోగశాల నుండి చిన్న సీసాలో నూనె తెచ్చి చూపింది. అంగడిలో కుళ్లిన పండ్ల రసాన్ని ఈస్టుకు మేపి, ఆ సూక్ష్మజీవులు ఒంట దాచుకున్న కొవ్వును తీశారట. దానిని వెలుతురుకెత్తి చూస్తుండగా, నేను బడిపంతులుగా చేరిన తొలినాళ్లలో, లాలాగూడ ఇంటిలో, కళాశాల అధ్యాపకులైన మా అన్నగారు ఇదే నూనె కోసం పడిన తపన కన్నులకు కట్టింది.

దసరా సెలవులు ముగియగానే అన్నగారు తమ శాఖ పెద్దాచార్యులవారికి నూనె చూపకపోతే, ప్రయోగాలకని కళాశాలలో ఇచ్చిన చిన్న గది వేరొకరికి పోతుంది. కళాశాల మూతపడినందున అన్నగారు గాజు జాడీని ఇంటికే తెచ్చి, మాగిన అరటి, సపోటా పండ్ల రసంలో పెరిగే ఆ ఈస్టుకు గాలి తగిలేలా పొద్దస్తమానం కలుపుతూ ఉండేవారు. తనకంటె తొక్కల నీళ్లకే భాగ్యమెక్కువని వదినగారు దెప్పేవారు.

జాడీలో ఏది నిలువ ఉంచినా ఉప్పు, పసుపు వేసి మూతికి గుడ్డతో వాసెన కట్టడం అమ్మ అలవాటు. దసరా సాయంత్రం అన్నగారూ నేనూ బంధువులకు జమ్మి పంచి తిరిగివచ్చేసరికి ఆమె గడపలోనే ఎదురైంది.

"గంత కష్టపడి పెట్టినవు గదా బిడ్డా, బూజు వట్టి పోతుంటే పానం ఒప్పలే. జెర ఉప్పు, పసుపు కలిపి కట్టిన. ఇగ పాడుగాదు."

అన్నగారు వాసెన విప్పి చూశారు. పచ్చబడిన నీటి అడుగున ఈస్టు మడ్డిలా దిగిపోయి ఉంది. అంత ఉప్పులో, పసుపులో అది బ్రతకదు. మళ్లీ పెంచేందుకు గడువూ లేదు. వదినగారు ఏదో అనబోగా చూపుతోనే వారించి, అమ్మ చేతిలో జమ్మి ఆకు పెట్టి, కాళ్లకు మొక్కారు.

"మంచిగ చేసినవమ్మా" అన్నారు.

కొడుకు చదువులో తన చేయీ ఉన్నదని అమ్మ బ్రతికినన్నాళ్లూ ఇరుగుపొరుగుతో చెప్పుకునేది. మాలో ఎవరమూ కాదనలేదు.

నేటి ప్రయోగశాలల్లో ఉక్కు పాత్రలు, తాళం వేసిన గదులు. ఏ తల్లి చేయీ అంతదూరం పోదు. విద్యకు అదే మేలు. అయినను, ఒక మనిషి మనసు నొవ్వకుండుటకై తన ఆశనంతటినీ అట్లు మౌనంగా దిగమింగుకొనే ఓర్పు ఇప్పుడెక్కడ నేర్పుతారో నాకు తెలియదు.

ఆ ఏడు ఆశ్వయుజ బహుళ విదియ నాడు ఆ గదిని వేరొకరికి ఇచ్చారు. అన్నగారు పదవీ విరమణ దాకా పాఠాలే చెప్పారు. ఈస్టు మళ్లీ పెంచలేదు.